ఎలుకలు పట్టే పిల్లికి కాపలా ఎవరు?

పెంపుడు జంతువులు – పాఠకుల ప్రశ్నలకు విజయవాడ పశువైద్యురాలి జవాబులు

వానలు వెనకపట్టి కోతలు దగ్గరపడేసరికి ఏటా ఇవే ఉత్తరాలు వస్తాయి. పొలం ఎలుకలు ఇళ్ళలోకి చేరతాయి, పిల్లులు వాటిని పడతాయి, ఎలుకల ఒంటిమీది పురుగులు పిల్లుల మీదికి ఎక్కుతాయి. ఈసారి వచ్చినవాటిలో ఐదు ఉత్తరాలకు జవాబు రాస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు తీసుకుంటున్నాను, ఎందుకంటే ఆ ఇంట్లో ఒక చిన్నపాప ఉంది.

ప్రశ్న: డాక్టర్‌గారూ, మాది గుంటూరు, ఏటుకూరు రోడ్డు వైపు. ఇంటి వెనకే మిర్చి గోడౌన్. పందికొక్కులు, ఎలుకలు లెక్కలేనన్ని. మా పిల్లి బుజ్జి రాత్రిపూట ఎలుకను పట్టుకొచ్చి గుమ్మం ముందు పడేస్తుంది. ఈమధ్య తెగ గోక్కుంటోంది. తోక మొదట్లో బొచ్చు ఊడింది, మెడ దగ్గర నల్లటి రవ్వలాంటిది కనిపిస్తోంది. మా పాపకు ఐదేళ్ళు. బుజ్జి పక్కన లేకపోతే నిద్రపోదు. ఎలుకలతో ప్లేగు వస్తుంది, పిల్లిని ఎక్కడైనా దూరంగా వదిలేసి రమ్మని మా అత్తగారు పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి, గుంటూరు

జవాబు: అమ్మా, బుజ్జిని ఎక్కడా వదిలేయకండి. ముందు ఆ నల్లటి రవ్వ సంగతి తేల్చుకుందాం. పేల దువ్వెనతో బుజ్జి వీపు మీద, తోక మొదట్లో గట్టిగా దువ్వి, రాలినదాన్ని తడిపిన తెల్ల దూది మీద వేయండి. కాసేపటికి తుప్పు రంగులో, ఎర్రగా కరిగితే అది మట్టి కాదు, ఫ్లీల రెట్ట. పేనులా ఉండి గెంతే పురుగును ఫ్లీ అంటాం. అది పిల్లి రక్తం తాగి విసర్జించిందే ఆ రవ్వ. మీరు రాసిన గుర్తులన్నీ చూస్తే నాకు పెద్దగా అనుమానం లేదు.

మీ అత్తగారి భయాన్ని నేను కొట్టిపారేయను. ప్లేగును ఒక ఎలుక నుంచి ఇంకో ఎలుకకు ఫ్లీలే మోస్తాయని 1898లో కరాచీలో పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు ప్రయోగం చేసి చూపించాడు. 1994లో సూరత్‌లో ప్లేగు అనగానే జనం రైళ్ళు పట్టుకుని ఊళ్ళు వదిలిపోవడం ఆవిడ వయసు వాళ్ళందరికీ గుర్తుంటుంది. ఆ తర్వాత కూడా 2002లో హిమాచల్‌లో, 2004లో ఉత్తరకాశీ జిల్లాలో కొన్ని కేసులు వచ్చాయి. కర్ణాటక, తమిళనాడు, మన రాష్ట్రం కలిసే కొండ ప్రాంతంలో ఎలుకల మీద ప్రభుత్వ నిఘా ఉండేది కూడా ఇందుకే. అయితే ఇవాళ గుంటూరులో మీ గుమ్మం ముందు పడ్డ ఎలుకను చూసి ప్లేగు అని వణకాల్సిన పని లేదని ఆవిడకు నా మాటగా చెప్పండి. ఒకేచోట ఎలుకలు కారణం లేకుండా గుట్టలుగా చచ్చిపడితే మాత్రం ముట్టుకోకుండా నగరపాలక సంస్థ ఆరోగ్య విభాగానికి చెప్పాలి.

మన దగ్గర నేను నిజంగా పట్టించుకోమనేది మ్యూరిన్ టైఫస్‌ను. పేరులో టైఫస్ ఉన్నా అది టైఫాయిడ్ కాదు. టైఫాయిడ్ తిండి, నీళ్ళ ద్వారా వస్తుంది. దీన్ని ఎలుకల ఫ్లీలు మోస్తాయి, పిల్లుల మీద ఉండే ఫ్లీలు కూడా మోయగలవు. ఫ్లీ కుట్టినచోట రెట్ట వేస్తుంది. దురద పుట్టి మనం గోక్కున్నప్పుడు ఆ రెట్ట గీతల్లోంచి లోపలికి పోతుంది. వారం, రెండు వారాలకు జ్వరం, విపరీతమైన తలనొప్పి, ఒళ్ళునొప్పులు వస్తాయి. కొందరికి ఛాతీ మీద, పొట్ట మీద దద్దుర్లు వస్తాయి. సమయానికి గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో బాగా తగ్గుతుంది. బాధ ఎక్కడంటే, మన ఊళ్ళలో వారం దాటిన ప్రతి జ్వరాన్నీ టైఫాయిడ్ అనేసి సెలైన్లు ఎక్కిస్తుంటారు. అందుకే పాపకు గానీ మీకు గానీ జ్వరం వస్తే డాక్టరుగారు అడిగేదాకా ఆగకండి. ఇంట్లో ఎలుకలున్నాయి, పిల్లికి ఫ్లీలున్నాయి అని మొదటి మాటగా చెప్పండి. ఆ ఒక్క మాటతో వైద్యం దారే మారిపోవచ్చు. ఈమధ్య మన జిల్లాల్లో వింటున్న స్క్రబ్ టైఫస్ వేరు. అది గడ్డిలో, పొదల్లో ఉండే చిన్న నల్లి పిల్లల వల్ల వస్తుంది. కుట్టినచోట చాలామందికి నల్లటి చెక్కు కడుతుంది. పిల్లికీ దానికీ ముడిపెట్టకండి.

ఇంకొకటి, పిల్లి గోరు గీసుకుంటే వచ్చే జ్వరం. బార్టొనెల్లా అనే సూక్ష్మజీవి ఫ్లీల రెట్టలో ఉంటుంది. పిల్లి గోక్కున్నప్పుడు గోళ్ళకింద చేరుతుంది. పిల్లికి ఏ జబ్బూ కనిపించదు. అది గీరిన పిల్లలకు మాత్రం చంకలోనో మెడ దగ్గరో బిళ్ళ కడుతుంది, జ్వరం వస్తుంది. పాపకు గీరుకుంటే వెంటనే కుళాయి కింద సబ్బుతో బాగా కడగండి. చాలామందికి దానంతట అదే తగ్గిపోతుంది. బిళ్ళ పెరుగుతున్నా, జ్వరం వదలకపోయినా డాక్టరుకు చూపించాలి. బుజ్జి గోళ్ళ మొనలు కత్తిరించడం ఏ పెట్ క్లినిక్‌లోనైనా నేర్పిస్తారు.

ఇక వైద్యం. బుజ్జిని బుట్టలో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళండి, బరువు తూయించండి. బరువును బట్టి పిల్లుల కోసమే చేసిన ఫిప్రోనిల్ గానీ సెలమెక్టిన్ గానీ రాస్తారు. మెడ వెనక, నాలుక అందని చోట, బొచ్చు పాయ తీసి చర్మం మీదే చుక్కలు వేయాలి. బొచ్చు మీద వేస్తే పని చేయదు. ఇంట్లో వేరే పిల్లులు, కుక్కలు ఉంటే వాటికి తగిన మందు వాటికీ అదే రోజు వేయాలి.

ఒకసారి వేసి, ఫ్లీలు చచ్చాయి కదా అని చాలామంది మానేస్తారు. అక్కడే వ్యవహారం చెడుతుంది. పిల్లి ఒంటిమీద కనిపించే పెద్ద ఫ్లీలు ఇంట్లో ఉన్నవాటిలో చిన్న భాగమే. ఆడ ఫ్లీ రోజుకు 40 గుడ్ల దాకా పెడుతుంది. అవి బొచ్చులో నిలవవు. పిల్లి పడుకున్నచోటల్లా, అంటే పాప పక్కమీద, సోఫా సందుల్లో, మంచం కింద రాలిపోతాయి. వాటిలోంచి వచ్చిన పిల్ల పురుగులు వెలుతురు తగలని మూలలకు పోయి గూడు కట్టుకుంటాయి. ఆ గూట్లో ఉన్నదానికి ఏ మందూ సరిగా తగలదు, నెలల తరబడి అలాగే ఉండగలదు. సంక్రాంతికి ఊరెళ్ళి వారం తర్వాత తాళం తీయగానే కాళ్ళకు ఫ్లీలు ఎగబాకాయని చెప్పేవాళ్ళు ఇందుకే ఉంటారు. మనుషుల అడుగుల అదురు, ఒంటి వేడి తగలగానే గూళ్ళలోవి ఒక్కసారిగా బయటికొస్తాయి. పిల్లిని వదిలేస్తే ఇల్లు శుభ్రపడుతుందని అనుకోవడం కూడా అందుకే పొరపాటు. పిల్లి లేకపోతే ఆ ఆకలి ఫ్లీలు మీ అందరినీ కుడతాయి.

కాబట్టి మందు నెలనెలా కనీసం మూడు నెలలు వేయండి. గోడౌన్ పక్కన ఉన్నారు కాబట్టి మీరైతే ఏడాది పొడుగునా వేయడమే మంచిది. దుప్పట్లు, దిండు గలీబులు, బుజ్జి పడుకునే గుడ్డలు వారానికోసారి బాగా వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయండి. పరుపులు ఎండబెట్టండి. మంచాలు జరిపి మూలమూలనా ఊడ్చి, ఆ చెత్తను కవర్లో కట్టి అదే రోజు బయటికి పంపండి. మే నెలలో మన ఎండకు, పొడిగాలికి ఆరుబయట పిల్ల పురుగులు బతకలేవు. వానలు పడి గాలిలో తేమ పెరగగానే మళ్ళీ విజృంభిస్తాయి. ఎండాకాలంలో తగ్గాయని మందు ఆపకండి.

పాప పక్కలో బుజ్జి పడుకోవడం మాత్రం ఫ్లీలు పూర్తిగా పోయేదాకా ఆపండి. పాప ఏడుస్తుంది, తెలుసు. బుజ్జికి మందు వేశాం, తగ్గగానే నీ దగ్గరికి వస్తుంది అని నిజమే చెప్పండి. ఐదేళ్ళ పిల్లలు మనం అనుకున్నదానికంటే బాగా అర్థం చేసుకుంటారు.

చివరగా, మీ అత్తగారితో పాటు ఇంకా చాలామంది అనేదొకటి ఉంది. ఎలుకలు పట్టడానికే కదా పిల్లిని పెంచుకునేది అని. ఇంటి వెనక గోడౌన్ ఉన్నచోట ఒక్క పిల్లి ఎలుకల్ని అదుపు చేయలేదు. అది పట్టిన ప్రతి ఎలుకతోనూ ఆ ఎలుక ఒంటిమీదివి మీ ఇంట్లోకి వస్తాయి. ఎలుకలు పొద్దువాలినప్పటి నుంచి తెల్లవారేదాకా తిరుగుతాయి. బుజ్జికి సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కడుపునిండా అన్నం పెట్టి, కాసేపు తాడుతో ఆడించి, లోపల తలుపేయండి. తిన్న పిల్లి కూడా వేటాడుతుంది కాబట్టి తిండి ఒక్కటే సరిపోదు, తలుపు వేయాల్సిందే. గోడౌన్ వైపు తూములకు ఇనుప జాలీ కొట్టించండి. బియ్యం, పప్పులు మూతలున్న డబ్బాల్లోకి మార్చండి.

ప్రశ్న: మా కుక్కకు మెడమీద వేసే మందు సగం మిగిలింది. పిల్లి చిన్నది కాబట్టి సగం సరిపోతుంది కదా? పక్కింటాయన వేపనూనె, కర్పూరం రాయమంటున్నారు.
– సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: వద్దు బాబూ, దయచేసి వద్దు. ఈ ఒక్క విషయంలో నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. కుక్కలకు వాడే చాలా మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. పిల్లి కాలేయానికి దాన్ని విరిచి బయటికి పంపే శక్తి లేదు. సగం కాదు, కొద్ది చుక్కలైనా ప్రమాదమే. గంటల్లో చెవులు, ఒళ్ళు అదరడం మొదలై మూర్ఛ వస్తుంది, చనిపోతుంది కూడా. గేదెలకు పిడుదులు పోవడానికి వాడే డెల్టామెత్రిన్ కూడా అదే జాతి మందు. చీమల పొడి, ఫినాయిల్, కర్పూరం, వేపనూనె కూడా పిల్లి ఒంటికి తగలనీయకండి. పిల్లి ఒంటిమీద పడ్డ ప్రతిదాన్నీ నాకి మింగుతుంది.

ఎవరైనా ఇప్పటికే కుక్క మందు వేసి ఉంటే గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి ఆ చోటు బాగా కడిగి, తుడిచి, తువ్వాలులో చుట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. మందు పెట్టెను వెంట తీసుకెళ్ళండి. పాలు, నూనె తాగించకండి. వాంతి చేయించకండి. పిల్లి ఒళ్ళు వెచ్చగా ఉందని పారాసిటమాల్ అసలే వేయకండి, ఒక్క బిళ్ళ చాలు దాని ప్రాణం తీయడానికి.

మీది సింగ్‌నగర్ కాబట్టి ఇంకో సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు ఇళ్ళలోకి వచ్చినప్పుడు కలుగుల్లోని ఎలుకలన్నీ మేడలెక్కాయి. అలాంటప్పుడు ఎలుక మూత్రం కలిసిన నీళ్ళలో నడిచి వచ్చే జ్వరం లెప్టోస్పైరోసిస్. దానికి ఫ్లీలతో పని లేదు. పిల్లికి ఫ్లీ మందు వేశాం కదా అని ముంపు నీళ్ళలో చెప్పుల్లేకుండా తిరగకండి.

ప్రశ్న: మా పిల్లి తోక కింద, అది పడుకున్నచోట బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తున్నాయి. కొన్ని కదులుతున్నాయి.
– వన్‌టౌన్, విజయవాడ

జవాబు: అవి బద్దెపురుగు ముక్కలు. ఫ్లీ పిల్ల పురుగు దాని గుడ్లను తింటుంది, ఆ ఫ్లీని పిల్లి నాకి మింగితే పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. ప్రాజిక్వాంటెల్ ఒక్క మోతాదుతో పోతుంది. కానీ ఫ్లీలు ఉన్నంతకాలం మళ్ళీ మళ్ళీ వస్తుంది, అందుకని రెండు మందులూ కలిపే వేయించండి. ఎలుకలు తినే పిల్లికి వేరే రకం బద్దెపురుగు ఎలుక కాలేయం నుంచి కూడా వస్తుంది. దానికీ ఇదే మందు. చిన్నపిల్లలు నేల మీద ఆడుకుంటూ పొరపాటున ఫ్లీని మింగితే వాళ్ళకూ పట్టవచ్చు, అరుదే గానీ ఉంది.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో న్యూ మెక్సికోలో ఉంటుంది. పిల్లిని పెంచుకుంటోంది. వాళ్ళ ఇంటి వెనక మైదానంలో నేల ఉడుతల్లాంటివి చాలా తిరుగుతాయట. పిల్లికి ప్లేగు వస్తుందని అక్కడి డాక్టరు భయపెట్టారట. ఈ కాలంలో, ఆ దేశంలో ప్లేగా? మేం వచ్చే నెల అక్కడికి వెళ్తున్నాం.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మాస్టారూ, భయపెట్టడం కాదు, ఆ డాక్టరు తన పని తాను చేశారు. 1900లో ఓడల మీద ఎలుకలతో పాటు ప్లేగు శాన్‌ఫ్రాన్సిస్కో చేరింది. అక్కడి నుంచి అడవి జంతువుల్లోకి పాకి, పశ్చిమ రాష్ట్రాల్లో ఇప్పటికీ ఉంది. న్యూ మెక్సికో, ఆరిజోనా, కొలరాడోల్లో నేల ఉడుతలు, కలుగుల్లో గుంపులుగా బతికే ప్రెయిరీ డాగ్‌లు, అడవి ఎలుకలు దాన్ని మోస్తుంటాయి. ప్రెయిరీ డాగ్‌ల కాలనీ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయిందంటే ప్లేగు వచ్చిందేమో చూడాలి.

కుక్కకు ప్లేగు సోకినా చాలావరకు తట్టుకుంటుంది. పిల్లి తట్టుకోలేదు. జబ్బుపడ్డ ఎలుకను తిన్నా, దాని ఫ్లీ కుట్టినా కొద్దిరోజుల్లోనే తీవ్రమైన జ్వరం వస్తుంది, తిండి మానేస్తుంది, దవడ కింద బిళ్ళ కట్టి చీము పడుతుంది. ఊపిరితిత్తులకు పాకితే దగ్గుతుంది, ఆ తుంపరతోనే మనిషికి సోకుతుంది. అమెరికాలో 1977 నుంచి 1998 వరకు పిల్లుల నుంచి మనుషులకు సోకిన 23 కేసులు నమోదయ్యాయి, వాళ్ళలో 5 మంది చనిపోయారు. పశువైద్యులూ, వాళ్ళ సహాయకులూ కూడా ఆ 23 మందిలో ఉన్నారు. అక్కడి డాక్టరు ఎందుకంత గట్టిగా చెప్పారో ఇప్పుడు మీకు అర్థమవుతుంది.

పిల్లులకు ప్లేగు టీకా లేదు. అందుకే అమ్మాయి చేయాల్సింది పిల్లిని పూర్తిగా ఇంట్లోనే ఉంచడం, ఏడాది పొడుగునా నెల తప్పకుండా ఫ్లీ మందు వేయడం. ఇంటి గోడ పక్కన కట్టెల పోగులు, పక్షులకు వేసే గింజలు ఉంటే తీసేయమనండి, ఎలుకలూ ఉడుతలూ వాటికోసమే చేరతాయి. పిల్లికి జ్వరం, దవడ కింద వాపు కనిపిస్తే ఒళ్ళోకి తీసుకోకూడదు. ముఖం దగ్గరికి అసలే రానీయకూడదు. ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి సంగతి చెప్పి, వాళ్ళు చెప్పినట్టు తీసుకెళ్ళాలి. సమయానికి చేరితే పిల్లులూ బతుకుతాయి, మనుషులూ బతుకుతారు. యాంటీబయాటిక్‌లు బాగా పనిచేసే జబ్బే ఇది. మీరు అక్కడ సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు చచ్చిన ఉడుతను కర్రతో కూడా కదపకండి. తిరిగొచ్చాక రెండు వారాల లోపు జ్వరం వస్తే ఎక్కడి నుంచి వచ్చారో ఇక్కడి డాక్టరుకు చెప్పండి.

ప్రశ్న: మాది గన్నవరం దగ్గర పల్లె. వరి కోతలయ్యాక ఎలుకలు ఇంట్లోకి వస్తాయి. బ్రోమోడయోలోన్ బిళ్ళలు పెడదామనుకుంటున్నాం. ఇంట్లో మూడు పిల్లులున్నాయి.
– ఒక రైతు

జవాబు: ఇంట్లో పెట్టకండి. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తూలుతూ తిరుగుతుంది. అలాంటి ఎలుకే పిల్లికి సులువుగా దొరుకుతుంది. తిన్న పిల్లికి మూడు నుంచి ఐదు రోజులకు చిగుళ్ళు పాలిపోతాయి, ముక్కులోంచి, మూత్రంలో రక్తం పడుతుంది. త్వరగా తెస్తే విటమిన్ కె1తో బతికించవచ్చు గానీ వారాల తరబడి ఇవ్వాలి. పొలంలో వాడే జింక్ ఫాస్ఫైడ్‌కైతే విరుగుడే లేదు.

దీనికంటే నేను ముఖ్యమనుకునేది మరొకటి. ఎలుక చచ్చి ఒళ్ళు చల్లబడగానే దాని మీది ఫ్లీలు దిగి కొత్త ఒళ్ళు వెతుక్కుంటాయి. పది ఎలుకలు ఒకేసారి అటక మీద చస్తే వాటి ఫ్లీలన్నీ కిందికి, మీ మంచాల మీదికి దిగుతాయి. అందుకే ముందు ఫ్లీ, తర్వాత ఎలుక. మూడు పిల్లులకూ ఫ్లీ మందు వేయించి, ఇల్లంతా ఊడ్చి, పక్కగుడ్డలు ఉతికిన తర్వాతే ఎలుకల పని పట్టండి. అదీ బోనులతో. పొలంలో యానాదులు పెట్టే ఎలుకబుట్టలు నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో తెనాలి దగ్గర చూశాను. మందు లేకుండా అంత బాగా పట్టేవాళ్ళను తర్వాత చూడలేదు. మీ ఊరి పక్క ఎవరైనా ఉంటే పిలిపించి, వాళ్ళ కష్టానికి తగ్గ డబ్బివ్వండి.

చచ్చిన ఎలుకను చేతితో తోక పట్టుకుని విసిరేయకండి. చేతికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని పట్టుకుని, దాన్నే తిరగేసి ముడివేసి, ఇంకో కవర్లో పెట్టి లోతుగా పాతిపెట్టండి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. మూడు పిల్లుల్లో పాలు తాగే కూనలు ఉంటే వాటికి పెద్దవాటి మందు వేయకండి. పేల దువ్వెనతో దువ్వి, దొరికిన ఫ్లీలను సబ్బు నీళ్ళ గిన్నెలో ముంచండి. కూన చిగుళ్ళు తెల్లగా ఉంటే ఫ్లీలు దాని రక్తమంతా లాగేశాయన్నమాట. ఆరోజే గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళండి, మీకు దగ్గరే.